రెండు నెలల కుక్కపిల్లకి బాత్రూమ్ అలవాటు: ముందు పేపరా, మొదటి రోజు నుంచే బయటా?

ఐదో_అంతస్తు, శుక్రవారం రాత్రి 9:12
లాబ్రడార్ పిల్ల, ఆడది, ఎనిమిది వారాలు నిండాయి. ఏడో వారంలో మొదటి టీకా పడింది. మిగతా డోసులు అయ్యేదాకా, అంటే 16 వారాల వయసుదాకా, నేల మీద దింపొద్దని ఆసుపత్రిలో చెప్పారు. అన్నాళ్ళు ఇంట్లో పోయిస్తే ఇక జన్మలో బయట పొయ్యదని కుక్కల్ని పెంచేవాళ్ళు అంటున్నారు. కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఐదో అంతస్తు, ఒకటే లిఫ్టు. బాల్కనీ వెడల్పు నాలుగడుగులు. ముందు పేపరు అలవాటు చేసి తర్వాత మార్చాలా, నేరుగా కిందకేనా? ఎల్లుండి తెచ్చుకుంటున్నాం.

గడప_అవతల, 9:31
పేపరు వద్దండి. కాలి కింద ఏది తగిలితే అదే బాత్రూమ్ అని పిల్ల నేర్చుకుంటుంది. ఆ ముద్ర పడేది సరిగ్గా ఈ వయసులోనే, ఎనిమిదిన్నర వారాలకి అటూ ఇటూ. పది రోజులు పేపరు మీద పోయించారంటే తర్వాత కాళ్ళ పట్టా, దుప్పటి, సోఫా పక్కన పడేసిన పేపరు అన్నీ దానికి ఒకటే. ఒకటి నేర్పి, దాన్ని మాన్పించి, మళ్ళీ ఇంకోటి నేర్పుతూ కూర్చోవాలి.

నిద్ర లేవగానే, తిన్న పది ఇరవై నిమిషాలకి, నీళ్ళు తాగాక, ఆట ఆగగానే ఎత్తుకుని కిందికి తీసుకెళ్ళండి. నడిపిస్తే లిఫ్టు దాకా చేరేలోపే పోసేస్తుంది. మెడపట్టీకి నాలుగడుగుల తాడు, రోజూ అదే చోటు. మీరు కదలకుండా నిలబడాలి, ఫోన్ చూడకూడదు, దాంతో ఆడకూడదు. పోస్తున్నప్పుడు మెల్లగా ఒకే మాట, 'సుస్సు' అనో ఇంకోటో, ఇంట్లో అందరూ అదే అనాలి. అయిపోయిన రెండు సెకన్లలో ఉడికించిన చికెన్ ముక్క, గోరంత. పైకొచ్చాక ఇస్తే పైకొచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది.

ఇంకోటి, పోసిన వెంటనే పైకి తెచ్చెయ్యకండి. పోస్తే షికారు అయిపోతుందని పసిగట్టి బిగబట్టుకుంటుంది, లోపలికొచ్చి వదులుతుంది. ఐదు నిమిషాలు ఆడించి తీసుకురండి. పది నిమిషాలు నిలబడినా పొయ్యకపోతే పైకి తెచ్చి ఒళ్ళోనో క్రేటులోనో (కుక్కని ఉంచే పంజరం లాంటి పెట్టె) ఉంచి, పావుగంటకి మళ్ళీ దించండి. హాల్లో వదిలారో, నేరుగా మూలకి పోతుంది.

మేడమీద_తోట, 9:40
ఇంట్లో పోస్తే ఫినాయిల్ వేసి తుడిచెయ్యడమే కదా. దీనికింత అవసరమా?

క్లినిక్_కాంపౌండర్, 10:05
ప్రశ్న అడిగిన వారికి: దయచేసి రోడ్డు మీద దించకండి. పిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ కుక్క మలంలోంచి మట్టిలోకి చేరి నెలల తరబడి, నీడ పట్టున అయితే ఏడాది దాకా బతుకుతుంది. పైకి ఏమీ కనపడదు. అపార్ట్‌మెంటు గేటు పక్కన చెట్టు మొదలే వీధి కుక్కలన్నీ వచ్చే చోటు, మీరు దించేదీ అక్కడే.

"మొదటి టీకా పడిందిగా" అంటారు. తల్లి దగ్గర్నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంత కాలం అది టీకాను కూడా పని చెయ్యనివ్వదు. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం కాబట్టే మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు దాటేదాకా వేస్తారు. మధ్యలో తల్లి రక్షణ అయిపోయి టీకా రక్షణ ఇంకా రాని రోజులు కొన్ని ఉంటాయి. పార్వో పట్టేది అప్పుడే. ముందు తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, ఆ తర్వాత నెత్తురు విరేచనాలు, వాసన గది దాటి వస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఒంట్లో నీరంతా పోయి ప్రాణం మీదికి వస్తుంది. పేపరు అలవాటు ఆరో నెలలోనైనా మాన్పించుకోవచ్చు.

మేడమీద_తోట గారూ, ఫినాయిల్‌కి పార్వో చావదు.

మేడమీద_తోట, 10:09
నేను పార్వో గురించి అనలేదు. ఉచ్చ వాసన గురించి అన్నాను. ఫినాయిల్‌తో వాసన పోతుంది.

గడప_అవతల, 10:26
పోయేది మన ముక్కుకే. ఫినాయిల్ వాసన కింద తన వాసన పిల్లకి అందుతూనే ఉంటుంది, మళ్ళీ అక్కడే పోస్తుంది. పైగా తడి నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, అందులోని రసాయనాలు కడుపులోకి పోతాయి. పాత గుడ్డతో అద్ది తియ్యండి, రుద్దకండి, రుద్దితే టైల్సు సందుల్లోకి దిగుతుంది. మామూలు నీళ్ళతో ఒకసారి తుడిచి, పెట్ షాపులో దొరికే, ఉచ్చని విడగొట్టి వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ తడిసేలా చల్లి, పావుగంట ఉంచి, దానంతట అది ఆరనివ్వండి. ముందే ఫినాయిల్ వేసి ఉంటే ఎంజైమ్ పని చెయ్యదు.

కాంపౌండర్ గారూ, 16 వారాలదాకా ఇంట్లో బంధిస్తే ఆటో శబ్దానికీ, గొడుక్కీ, పిల్లలకీ బెదిరే కుక్క తయారవుతుంది. అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2008లోనే చెప్పింది, ఏడెనిమిది వారాల నుంచి, మొదటి టీకా పడి ఏడు రోజులైతే చాలు, బయటి ప్రపంచం చూపించమని. వాళ్ళూ పశువైద్యులే.

క్లినిక్_కాంపౌండర్, 10:48
అది సగం మాట. వాళ్ళు చెప్పింది టీకాలు పడిన పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పే క్లాసుల గురించి, కడిగి శుభ్రం చేసే నేల మీద. వీధి కుక్కలు తిరిగే ఖాళీ స్థలం గురించి కాదు. ప్రపంచం చూపించండి, ఎవరొద్దన్నారు? చేతుల్లో ఎత్తుకుని ఆటో చూపించండి, కూరగాయల బండి చూపించండి. కాలు నేలకి తగలకపోతే చాలు. ఉచ్చ పోయించాలంటే కాలు దించాలి, ముక్కు మట్టిలో పెట్టాలి. రెండూ వేరు.

నాటుకుక్క_నరేందర్, 10:55
ఇద్దరు ఎందుకు కొట్లాడుతున్రు? బాల్కనీల ట్రే పెట్టుకుంటే అయిపాయె. రెండు ఫీట్లు, మూడు ఫీట్లు ఉండాలె, అంచు నాలుగించులు. అడుగున చిల్లులు కొట్టి కింద ఇంకో ట్రే పెట్టాలె, లేకుంటే కింది ఇంటోళ్ళ మీద కారుతది, గప్పుడు అసలు లొల్లి. నర్సరీల కొబ్బరి పొట్టు ఇటుక అమ్ముతరు, ఐదు కిలోలది. నీళ్ళల్ల నానబెడితే ఉబ్బుతది, సగం మీద కొంచెం ఎక్కువ పడితే చాలు, మూడించుల మందం వస్తది. ఉచ్చ పోసిన జాగల రోజు ఒక గరిటె తీసి కొత్తది ఎయ్యాలె. రెండు వారాలకోసారి మొత్తం మార్చాలె. రేలింగ్ సందులకెల్లి పిల్ల తలకాయ పట్టేటట్టుంటే ముందు వల కట్టుండ్రి.

క్లినిక్_కాంపౌండర్, 11:02
ఇది సరైన మాట. ఒక్కటి, ఆ పొట్టు తిననివ్వకండి, కడుపులో ఉబ్బుతుంది. పైన లాన్ గడ్డి ముక్క పరవాలనుకుంటే కుక్కలు తిరగని నర్సరీ నుంచే తేవాలి.

మేడమీద_తోట, 11:04
ఎంజైమ్ క్లీనర్ రేటు చూశారా? ఫినాయిల్ ఎంత, అదెంత?

గడప_అవతల, 11:20
ట్రే కూడా పేపరు లాంటిదే. బాల్కనీ అంటే ఇల్లే, తలుపు తీస్తే వచ్చేది. పెద్దయ్యాక బాల్కనీ తలుపు మూసి ఉంటే తలుపు పక్కనే పోస్తుంది. పాతిక కిలోల లాబ్రడార్ పోసేది ఆ ట్రేలో ఆగుతుందా?

నిజం మాట్లాడుకుందాం. పేపరన్నా ట్రే అన్నా పిల్ల కోసం కాదు, మన వీలు కోసం. పొద్దున తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఆరింటికి వచ్చేవాళ్ళకి ట్రే కావాలి. పిల్ల ఎన్ని నెలలదో దానికి ఒకటి కలిపితే వచ్చేన్ని గంటలే అది ఆపుకోగలిగేది, అదీ గరిష్ఠంగా. రెండు నెలలదంటే మూడు గంటలు. మెలకువగా ఆడుతుంటే ముప్పావు గంటకోసారి. తొమ్మిది గంటలు వదిలేసేవాళ్ళు రెండు నెలల పిల్లని తెచ్చుకోకూడదు.

క్లినిక్_కాంపౌండర్, 11:27
అయితే పెరడున్న ఇండిపెండెంట్ ఇల్లుంటేనే కుక్కని పెంచాలా? జీతాల మీద బతికే వాళ్ళకి ఆ అర్హత లేదా? ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో సగం అపార్ట్‌మెంట్లవే, బాగానే పెరుగుతున్నాయి. ఫ్లాటువాళ్ళని ఇలా తక్కువ చేసి మాట్లాడకండి.

గడప_అవతల, 11:33
ఫ్లాటు అని నేనన్నానా? ఇంట్లో మనిషి ఉన్నాడా అని అడుగుతున్నాను. ఆర్నెల్లకి "ఎంత చెప్పినా వినట్లేదు" అని ఎవరికో ఇచ్చేసే కుక్కల్లో చాలావాటికి తప్పేం లేదు, పగలు తలుపు తీసేవాళ్ళు లేక అలా అయ్యాయి. ఆ కుక్క ఇల్లు మారుతుంది, మళ్ళీ అక్కడా మూలలోనే పోస్తుంది, అక్కడా తన్నులు తింటుంది. నాకు కోపం అక్కడ.

లిఫ్టు_దగ్గర_నోటీసు, 11:36
మా దగ్గర అసోసియేషన్ వాళ్ళు కుక్కల్ని లిఫ్టు ఎక్కించొద్దని కాగితం అంటించారు. ఐదంతస్తులు రోజుకి పదిసార్లు మెట్ల మీద ఎత్తుకుని దిగమంటారా? జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో లిఫ్టు వాడకుండా ఆపకూడదని ఉంది. ఆ కాపీ తీసి ఇవ్వండి. ఎందుకైనా మంచిది, చేతిలో పాత టవల్ పట్టుకుని ఎక్కండి.

ఐదో_అంతస్తు, 11:50
తాళం వెయ్యం. పగలు అత్తగారు ఉంటారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పిల్లని ఎత్తుకుని కిందకి దిగలేరు. పిల్ల కావాలని అడిగింది కూడా ఆవిడే. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఏడు తర్వాత మేమున్నాం. అందుకే అడిగింది.

గడప_అవతల, శనివారం ఉదయం 6:15
ఈ ముక్క ముందే చెప్పాల్సిందండి. మనిషి ఉన్నారు కాబట్టి నా అభ్యంతరం సగం పోయింది. బాల్కనీలో ట్రేనే పెట్టండి, కానీ పేపరూ డయపర్ లాంటి ప్యాడూ వద్దు. కాలికి తగిలేది పొట్టో గడ్డో అయితే రేపు కింద నేల దానికి కొత్తగా ఉండదు.

అత్తగారు వంగి పరిగెత్తకుండా ఇలా చెయ్యండి. ఆవిడ కూర్చునే కుర్చీకి ఆరడుగుల తాడు కట్టి పిల్లని దానికి తగిలించండి, బాల్కనీ తలుపు పక్కనే. కళ్ళ ముందే ఉంటుంది, మూలకి పోలేదు. ఆవిడ చూడాల్సింది ఇదొక్కటే: ఆడుతున్నది ఆడుతున్నట్టే బొమ్మ వదిలేస్తుంది, ముక్కు నేలకానించి చిన్న సున్నా చుడుతుంది, తోక మొదలు కొంచెం లేస్తుంది, వెనక కాళ్ళు ముందుకి జరుగుతాయి. బొమ్మ వదలడానికీ కాళ్ళు వంగడానికీ మధ్య ఉన్నది ఐదారు సెకన్లే. కాళ్ళు వంగాక ఎత్తబోతే దారి పొడుగునా పోస్తుంది. తాడు పట్టుకుని "పద" అని ట్రే ఎక్కించడమే, ఎత్తక్కర్లేదు. ట్రే ముందు అంచు పొట్టు మట్టానికి కోయించండి. చికెన్ ముక్కల డబ్బా ఆవిడ చేతికందే చోట ఉండాలి.

తప్పి లోపల పోస్తే తిట్టొద్దని గట్టిగా చెప్పండి. మూతి అందులో పెట్టి రుద్దడం అసలే వద్దు. మనిషి ముందు పొయ్యడమే తప్పనుకుంటుంది. అప్పుడు ట్రే దగ్గర మీరు నిలబడితే పొయ్యదు, మంచం కింద దూరి పోస్తుంది.

క్లినిక్_కాంపౌండర్, 6:40
రాత్రికి: పడుకోవడానికి రెండు గంటల ముందు నీళ్ళ గిన్నె తీసెయ్యండి. ఎండాకాలం అయితే గంట చాలు. అర్ధరాత్రి రెండింటికి అలారం పెట్టి మీరే లేపి ట్రే దగ్గరికి తీసుకెళ్ళండి, లైటు వెయ్యకుండా, ఆడకుండా. ఏడ్చాక లేస్తే ఏడుపుకి అలవాటు పడుతుంది. పది రోజులకోసారి అలారం అరగంట ఆలస్యంగా పెట్టండి. క్రేటు అది నిలబడి తిరిగి పడుకునేంతే ఉండాలి, పెద్దదైతే ఒక మూల బాత్రూమ్ చేసుకుంటుంది.

పాలు పొయ్యకండి. చాలా పిల్లలకి అరగక విరేచనం అవుతుంది, అలవాటంతా పాడవుతుంది. తిండి రోజుకి నాలుగుసార్లు, గడియారం చూసి. పదిహేను నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసెయ్యాలి. వేళకి తింటేనే వేళకి పోతుంది. నులిపురుగుల మందు 12 వారాల దాకా రెండు వారాలకోసారి పడాలి, ఎప్పుడెప్పుడు పడిందో పిల్లని ఇచ్చేవాళ్ళని అడిగి తెచ్చుకోండి. పావుగంటకోసారి రెండు చుక్కలు పోస్తూ నాక్కుంటుంటే అది అలవాటు తప్పు కాదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆడపిల్లల్లో ఎక్కువ. ఇంటికి ఎవరైనా రాగానే కాళ్ళ దగ్గర పోసేస్తే అది భయమో సంబరమో, పలకరించకుండా పక్కకి తిరిగి నిలబడితే తగ్గుతుంది.

గడప_అవతల, 7:02
16 వారాలయ్యాక ట్రే ఒక్కసారిగా తియ్యకండి. అది పోసిన పొట్టు రెండు గుప్పిళ్ళు కవర్లో కిందకి తీసుకెళ్ళి, మీరు ఎంచుకున్న చోట పరవండి. పొద్దున మొదటిది కింద, మిగతావి ట్రేలో. వారం తప్పకుండా పోస్తే రెండోది కూడా కిందకి. వాన పడితే తడి గడ్డి మీద కాలు పెట్టదు, గొడుగు పట్టుకుని రేకు షెడ్డు పక్కన పొడి నేల చూపించాలి. మడుగుల్లో నీళ్ళు తాగనివ్వొద్దు, ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ళతో లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు) వస్తుంది. మే నెలలో మధ్యాహ్నం కిందకి దించే ముందు అరచేతి వెనక భాగం నేలకి ఆనించి ఏడు సెకన్లు పట్టండి, మీరు పట్టలేకపోతే దాని పాదమూ కాలుతుంది. కవరు తీసుకెళ్ళి దాని మలం తీసెయ్యడం మాత్రం మరవకండి. కాంపౌండర్ గారు చెప్పిన పార్వో మట్టిలోకి చేరేది అందులోంచే. ట్రే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, కానీ మీ ఇంట్లో దారి ఇదే.

మేడమీద_తోట, 7:10
పార్వోకి ఫినాయిల్ పనికిరాదన్నారు. మరేం వాడాలి?

క్లినిక్_కాంపౌండర్, 7:14
బట్టలకి వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతు, నీళ్ళు 30 వంతులు. లీటరు నీళ్ళకి 33 మిల్లీలీటర్లు. ముందు మలమూత్రాలు తీసి నీళ్ళతో కడిగాకే వెయ్యాలి. ఉచ్చ మీద నేరుగా పోస్తే ఘాటు గ్యాసు వస్తుంది, మురికి ఉంటే వైరస్ చావదు. పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్ళీ నీళ్ళతో కడిగి, ఆరాక పిల్లని వదలండి. ఫినాయిల్‌తో కలపకండి.