దుబాయ్‌లో ఉండి నల్గొండ ఇల్లు కిరాయికి ఇచ్చేదెట్లా?

ప్రశ్న: నల్గొండలో మాకు పైనా కిందా రెండు పోర్షన్లు, నేనుండేది దుబాయ్‌లో. కిందిది ఖాళీగా ఉంది, పోయినసారి ఉన్నాయన రెండు నెలల కిరాయి, కరెంటు బిల్లు ఎగ్గొట్టి పోయిండు. నమ్మకమైనోళ్లను ఎట్లా వెతకాలి?

మిర్యాలగూడ వాసి: అన్నా, టూలెట్ బోర్డు చూసి వచ్చినోళ్లందరికీ ఇవ్వకు. అక్కడి మెడికల్ కాలేజీ, మహాత్మాగాంధీ యూనివర్సిటీ స్టాఫ్‌లో ఎవరి ద్వారానైనా చెప్పించు, నెలనెలా జీతం పడేవాళ్లైతే సగం తిప్పలు తప్పుతుంది. బిల్లు కట్టారో లేదో మీటరు సర్వీస్ నంబరుతో ఆన్‌లైన్‌లో నువ్వే చూసుకో.

పాలమూరు అక్క: అగ్రిమెంటు తప్పకుండా రాయించు తమ్మీ. ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు: ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే కిరాయిలోంచి 30 శాతం, పైన సెస్, టీడీఎస్‌గా, అంటే ముందే పట్టుకునే ఇన్‌కమ్‌టాక్స్‌గా, కోసి సర్కారుకు కట్టాల్సింది కిరాయిదారే. ముందే మాట్లాడుకో. మంచోళ్లు దొరికాక ఏటా కిరాయి పెంచుడు పెట్టుకోకు, మోటారు కాలితే ఆ రోజే మెకానిక్‌ను పంపే మనిషిని ఊళ్లో ఒకరిని చూసుకో.

ప్రశ్న అడిగినాయన: సర్కారు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతికి కిరాయిదారు నా మీటరు నంబరు అడిగితే ఇవ్వొచ్చా అక్కా?

పాలమూరు అక్క: ఇయ్యి, అర్హత ఉంటే 200 యూనిట్ల దాకా కిరాయిదారులకూ వర్తిస్తుంది. ఖాళీ చేసేటప్పుడు మాత్రం నీ మీటరుకున్న వాళ్ల రేషన్‌కార్డు లింకు తీయించు.