హెబ్రోను సహవాసంలో మళ్ళీ బాప్తిస్మం ఎందుకంటున్నారు?

ప్రశ్న: గుంటూరు ఆడపడుచు
అందరికీ వందనాలు. మాది లూథరన్ కుటుంబం. పసిపిల్లగా ఉన్నప్పుడే నాకు బాప్తిస్మం అయింది. పెళ్ళయి హైదరాబాద్ వచ్చాను, అత్తగారివాళ్ళది హెబ్రోను సహవాసం. ఇక్కడ ఆరాధన క్రమం పుస్తకం ఉండదు. ఒక సోదరుడు లేచి స్తుతి చెల్లిస్తారు, కాసేపటికి ఇంకొకరు లేస్తారు. అది నాకు నచ్చింది కూడా. కానీ నీళ్ళలో మునిగితేనే రొట్టె, ద్రాక్షారసం ఇస్తామంటున్నారు. అమ్మకి చెబితే ఏడుస్తుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ పద్ధతి ఎక్కడిది?

జవాబు: ముషీరాబాద్ తాతయ్య
అమ్మా, నేను హెబ్రోనులోనే పెరిగాను. ఈ సహవాసం మొదలుపెట్టిన భక్త్ సింగ్ గారు పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టారు. కెనడాలో చదువుకునే రోజుల్లో ప్రభువును నమ్ముకుని, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. తిరిగొచ్చాక మొదట పాత సంఘాల్లోనే ప్రసంగించారు. 1941లో మద్రాసులో వేరే సహవాసం మొదలైంది, 1950లో ఇక్కడ హెబ్రోను. ఆయన గట్టిగా పట్టుకున్నది అపొస్తలుల కార్యములు 2:42. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. ఊళ్ళో ఒకరి గుమ్మం ఒకరు తొక్కనివాళ్ళు ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమ విందులో ఒకే పంక్తిలో కూర్చుని తినడం నేను కళ్ళారా చూశాను. నాకు అన్నిటికంటే విలువైనది అదే.

బాప్తిస్మం మాటకొస్తే, దానికి ముందున్న 41వ వచనమే చూడు. వాక్యం అంగీకరించినవాళ్ళు బాప్తిస్మం పొందారు. ముందు నమ్మకం, తర్వాత నీళ్ళు. అందుకే అత్తగారింటి కోసం మాత్రం మునగొద్దు తల్లీ. పసితనంలో పెద్దవాళ్ళు నిర్ణయించినట్టే, అప్పుడు నీ తరఫున మా వాళ్ళు నిర్ణయించినట్టు అవుతుంది.

జవాబు: నర్సాపురం
హెబ్రోనుకి నూరేళ్ళ ముందే మా గోదావరి జిల్లాల్లో ఈ బాట ఉంది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పళ్ళ డాక్టరుగా ఉండి మిషనరీ అయిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపు మీద బౌడెన్, బీర్ అనే మిషనరీ కుటుంబాలు 1836లో వచ్చాయి. వాళ్ళ బాటలో నడిచే మా బ్రదరన్ సంఘం మందిరంలో ఇప్పటికీ ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాం.

జవాబు: లూథరన్ టీచర్
తాతగారి మీద గౌరవంతోనే అంటున్నాను. అదే అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ చెరసాల అధికారి ఇంటిల్లిపాదీ బాప్తిస్మం పొందారు. అందులో పసివాళ్ళు లేరని ఎలా చెప్పగలం? లూథరన్ మిషనరీ హయ్యర్ గారు 1842లో గుంటూరు వచ్చింది మొదలు మా వాళ్ళూ ఆ గ్రంథమే చదువుతున్నారు.

గుంటూరు ఆడపడుచు
తాతయ్యగారూ, మీ చివరి మాట మా ఆయనకి చదివి వినిపించాను. తొందరేం లేదన్నారు. సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మతో కూర్చుని ఆ రెండు అధ్యాయాలూ చదువుతాను. టీచర్ గారూ, ఇంటివాళ్ళందరి గురించి ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి.