నార్వేలో మూడో రెఫరెండం జరపాలా?

ఉత్తరగాలి: ఐరోపా కూటమిలో చేరదామా అని నార్వే తన ప్రజలను రెండుసార్లు అడిగింది. 1972 సెప్టెంబరులో 53.5 శాతం మంది, 1994 నవంబరు 28న 52.2 శాతం మంది వద్దన్నారు. 1994 తర్వాత పుట్టినవారికి ఆ ప్రశ్న ఎన్నడూ ఎదురుకాలేదు. యూరోపియన్ ఆర్థిక ప్రాంత ఒప్పందం కింద ఉమ్మడి మార్కెట్ నియమాలను పాటిస్తూ, వాటిని ఆమోదించే చోట మాత్రం ఓటు లేకుండా ఉన్న దేశం మళ్లీ ఒకసారి అడిగితే తప్పేమిటి?

లెక్కలరాయుడు: అక్కడ రెఫరెండం సలహా మాత్రమే. అటువంటి కూటమికి అధికారాలను అప్పగించాలంటే పార్లమెంటులో నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలని రాజ్యాంగం చెబుతోంది. మొత్తం 169 మంది హాజరైనా 43 మంది వద్దంటే ప్రజలు అవునన్నది కూడా చెల్లదు. ముందు దీనికి జవాబు చెప్పండి.

దారినపోయే దానయ్య: 1994లో ముందు ఫిన్లాండ్ చేత, తర్వాత స్వీడన్ చేత అవుననిపించి నార్వేను చివర నిలబెట్టారు. అయినా పొరుగింటి పుల్లకూర రుచించలేదు.

తీరవాసి: అందుకు కారణం చేపలు. 1970లో నార్వేతో సహా నాలుగు దేశాలతో చేరిక చర్చలు మొదలవుతున్న సమయంలోనే, అప్పటి ఆరు సభ్యదేశాలు ఒకరి జలాల్లో మరొకరు చేపలు పట్టుకునే ఉమ్మడి విధానానికి ఒప్పుకుని కూర్చున్నాయి. తలుపు తట్టేలోగా ఇంటి నిబంధన మార్చినవారిని తీరప్రాంతం ఎందుకు నమ్మాలి? 1994లో ఓస్లోలో దాదాపు మూడింట రెండు వంతుల మంది అవునంటే, ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్‌లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది కాదన్నారు.

లెక్కలరాయుడు: 43 మంది సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

ఉత్తరగాలి: సలహా మాత్రమే అని 1972లో ప్రధాని బ్రాట్టెలి అనుకోలేదండీ, ఓడిపోగానే రాజీనామా చేశారు. ఇక నా సంగతి చెబుతాను. నేను నార్వేలో నర్సును. నాతో చేరిన పోలండ్ అమ్మాయి చదువుకు యూరోపియన్ నియమాల ప్రకారం త్వరగా గుర్తింపు వచ్చింది. నా పట్టాకు గుర్తింపు వచ్చేసరికి మూడేళ్లు పట్టింది, ఆ మూడేళ్లూ సహాయకురాలి జీతానికే పనిచేశాను. నియమాలు వేరెవరో రాస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

తీరవాసి: అమ్మా, మీ బాధ నిజమే కానీ అది ఈ వాదానికి సాక్ష్యం కాదు. ఆ గుర్తింపు నియమం నార్వేలో ఇప్పటికే అమలులో ఉంది. రేపు నార్వే సభ్యదేశమైనా మన దేశపు పట్టాలు ఆ వరుసలోకి రావు. పైగా జాతీయ రెఫరెండంలో మీకు ఓటే లేదు, వారి సముద్రం గురించి ఇంత పట్టుదల మీకెందుకు?

ఉత్తరగాలి: ఓటు లేదు కాబట్టే! పన్ను కడతాను, చట్టాలకు లోబడతాను, స్థానిక ఎన్నికల్లో తప్ప నన్నెవరూ అడగరు. యూరోపియన్ యూనియన్ ఎదుట నార్వే పరిస్థితి కూడా ఇంతే కదా. ఈ స్థితి నాకు తప్పనిసరి. ఒక దేశం దీన్నే ఏరికోరి ఎంచుకుని స్వాతంత్ర్యం అని పేరు పెట్టుకోవడం నాకు మింగుడుపడదు.

తీరవాసి: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఓటు ఉంటే గౌరవం ఉంటుందని మీరంటున్నారు. పెద్ద దేశాల మధ్య కూర్చుని ఓటు వేసి ఓడిపోవడం కన్నా, తన జలాల్లో ఎవరు వల వేయాలో తానే నిర్ణయించే హక్కు మేలని నేనంటున్నాను. మార్కెట్ నియమాలు బయటి నుంచి వస్తున్నాయనడం నిజమే, ఆ ఒప్పందం చేపల వేటనూ వ్యవసాయ విధానాన్నీ ముట్టుకోలేదన్నదీ అంతే నిజం. మిగతాది ఇచ్చి వారు కాపాడుకున్నది ఆ రెండింటినే.

ఉత్తరగాలి: కాపాడుకున్నది తీరం, ఓటు వదులుకున్నది దేశమంతా. ఆ బేరం ఇప్పటికీ సమ్మతమేనా అని అడగడానికే మూడోసారి కావాలంటున్నాను.

లెక్కలరాయుడు: అడగండి. 43 మంది మాత్రం అక్కడే ఉంటారు.