‘ప్రొవిన్షియల్ మిడిల్ క్లాస్’ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. బ్రిటన్ రాజకీయాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘ఇంగ్లిష్ ప్రొవిన్షియల్ మిడిల్ క్లాస్’ అన్న మాట అందులో పదేపదే వస్తోంది. ‘ప్రాంతీయ మధ్యతరగతి’ అని రాస్తే ఏదో ప్రాంతీయ పార్టీ సంగతిలా ఉంది. ఏమంటే బాగుంటుంది?

సమాధానం: ‘చిన్న పట్టణాల మధ్యతరగతి’ అనండి, సరిపోతుంది.

మరో సమాధానం: సరిపోదండీ. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ చిన్న పట్టణాలా? లండన్ కానిదంతా అక్కడ ప్రొవిన్సే, ఊరు ఎంత పెద్దదైనా సరే. మనకు దీనికి పాత మాట ఉంది: మొఫసిల్. కంపెనీ కాలంలో మద్రాసు నగరం దాటితే బెజవాడైనా రాజమండ్రైనా మొఫసిలే.

అసలు చిక్కు ‘మధ్యతరగతి’తో. ఆ మాట వినగానే మనకు ఒకటో తారీఖు కోసం చూసే జీతగాడి ఇల్లు గుర్తొస్తుంది. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పైన భూములున్న ప్రభువులు, కింద కూలిజనం. మిల్లు యజమానులు, వర్తకులు, వకీళ్లు ఆ నడుమవాళ్లు. మాంచెస్టర్ దగ్గరి రోచ్‌డేల్‌లో నూలు మిల్లున్న ఇంట పుట్టిన జాన్ బ్రైట్‌ను మనమైతే షావుకారు అంటాం. మతానికి క్వేకరు. రాజుగారి చర్చికి బయట ఉన్న ఇలాంటి శాఖలే ఆ వర్గానికి ఆయువుపట్టు.

1832 సంస్కరణ చట్టం దాకా మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లకు పార్లమెంటులో సొంత సభ్యులు లేరు. కొద్ది ఏళ్లకే మాంచెస్టర్ కేంద్రంగా రిచర్డ్ కాబ్డెన్, బ్రైట్ ధాన్యం చట్టాల మీద ఉద్యమం నడిపారు. విదేశీ ధాన్యం మీద సుంకం ఉంటే భూస్వామికి లాభం, కూలివాడికి రొట్టె ప్రియం. రొట్టె చవకైతే కూలి పెంచక్కర్లేదు గనక మిల్లు యజమానికీ మేలే, ఆ స్వార్థాన్ని దాచనక్కర్లేదు. 1846లో ఆ చట్టాలు పోయాయి. లండన్ దయతో పని లేకుండా గెలిచిన పోరాటమది, నాకు వాళ్లంటే గౌరవం అందుకే. 1873 నుంచి 1876 దాకా బర్మింగ్‌హామ్ మేయరుగా ఉన్న జోసెఫ్ చాంబర్లిన్ మరలు (స్క్రూలు) చేసే వ్యాపారి. ఊరి గ్యాసునూ నీళ్లనూ ప్రైవేటు కంపెనీల నుంచి కార్పొరేషన్ చేతికి తెచ్చాడు.

బ్రైట్ చూపు ఎలాంటిదంటే, కంపెనీ ఇండియాలో 14 ఏళ్లలో ప్రజాపనులన్నిటికీ పెట్టిన డబ్బు కన్నా ఒక్క మాంచెస్టర్ తన మంచినీళ్లకు పెట్టింది ఎక్కువని 1858లో పార్లమెంటులోనే అన్నాడు. సామ్రాజ్యాన్ని కొలవడానికి మునిసిపాలిటీ పద్దు తీశాడు.

ప్రశ్న: చాలా ఉపయోగపడింది మాస్టారూ. మరి ప్రధాని మార్గరెట్ థాచర్ దగ్గరికొచ్చేసరికి ‘మిడిల్ ఇంగ్లండ్’ అంటున్నారే, రెండూ ఒకటేనా?

సమాధానం: కాదమ్మా. థాచర్ వరకు ఇంకా పాత తీగ కనిపిస్తుంది. తండ్రి ఆల్ఫ్రెడ్ రాబర్ట్స్‌ది గ్రాంథమ్‌లో కిరాణా కొట్టు. మెథడిస్టు (అదీ రాజుగారి చర్చికి బయటి శాఖే) ప్రసంగీకుడు, ఊరికి మేయరుగా కూడా చేశాడు. ఇంటి ఖర్చుల లెక్కతో దేశం బడ్జెట్ గురించి ఆమె మాట్లాడేది ఆ కొట్టు నేర్పిన భాషలోనే. లేబర్ పార్టీ నాయకుడు టోనీ బ్లెయిర్ నాటికి సంగతి మారిపోయింది. 1992 ఎన్నికల ప్రచారంలో మిడ్‌లాండ్స్‌లో ఒకతను తన ఫోర్డ్ సియెరా కారు తుడుచుకుంటూ కనిపించాడనీ, సొంత ఇల్లు కొని, సొంత వ్యాపారం పెట్టుకున్నాక లేబర్‌ను వదిలేశాడనీ ఆయన 1996 పార్టీ మహాసభలో చెప్పాడు. పత్రికలు దాన్ని ‘మాండియో మ్యాన్’ చేశాయి (మాండియో కూడా ఫోర్డ్ కారే). అలాగే వూస్టర్ అనే ఊరి పేరుతో, మామూలు మహిళా ఓటరుకు గుర్తుగా ‘వూస్టర్ వుమన్’ వచ్చింది. కాబ్డెన్ కాలపువాళ్లు సభలు పెట్టి, చందాలు పోగేసి, తమ మాట తామే చెప్పుకున్నారు. మిడిల్ ఇంగ్లండ్ మాత్రం ఎన్నికల వ్యూహకర్తలూ పత్రికలూ గీసిన బొమ్మ. ఓటరు గదిలో లేనప్పుడు అతని గురించి వాడే మాట.

కాబట్టి మొదటిదానికి ‘మొఫసిల్ వర్తక వర్గం’ అని రాయమంటాను. రెండోదాన్ని ‘మిడిల్ ఇంగ్లండ్’గానే ఉంచండి.

మరో సమాధానం: మాస్టారూ, మొఫసిల్‌లో చులకన లేదా? పైగా ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు.

సమాధానం: చులకన ప్రొవిన్షియల్‌లోనూ ఉంది, ఆ బరువు అనువాదంలోకి రావాలి. తెలియని పిల్లలకోసం మొదటిసారి వచ్చినచోట ‘లండన్ బయటి ఊళ్ల’ అని ఒక ముక్క కలపండి. అన్నట్టు, మీ వ్యాసంలో లండన్‌కు ఆగ్నేయాన ఉన్న టన్‌బ్రిడ్జ్ వెల్స్ పట్టణాన్ని కన్సర్వేటివ్‌ల కంచుకోట అని ఉంటే చూసుకోండి. 2024లో అక్కడ లిబరల్ డెమొక్రాట్లు గెలిచారు.