మొదటి ఎలక్ట్రిక్ గిటార్ తయారుచేస్తున్నాను, బ్రిడ్జి దగ్గర ఆగిపోయాను. సలహా కావాలి

టేకుతలుపు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో. ఉండేది తిరువాన్మియూరులో, బీచ్‌కి రెండు వీధుల ఇవతల. అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లు పడగొట్టినప్పుడు వీధి తలుపు రెక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాను. మంచి టేకు. దాన్ని కోయించి, రెండు ముక్కలు అతికించి, వడ్రంగి చేత స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) గిటార్ ఆకారంలో బాడీ చేయించాను. మందం 45 మి.మీ. కింది మూలలో గడియ మేకు దిగిన రంధ్రం ఇంకా కనిపిస్తోంది. దాన్ని పూడ్చడానికి మనసొప్పలేదు.

నెక్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. మేపుల్ చెక్క, 22 ఫ్రెట్లు (అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు), స్కేల్ (మోగే తీగ పొడవు) 25.5 అంగుళాలు, నట్ (పైచివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) దగ్గర వెడల్పు 42 మి.మీ. తీగలు బిగించే ట్యూనర్ల రంధ్రాలు 10 మి.మీ. తీగల కదలికను పట్టే పికప్‌లు, నెక్ కూర్చునే గుంటలు, వాల్యూమ్ వైరింగ్ పట్టే కంట్రోల్ గుంట వడ్రంగే తవ్వి ఇచ్చాడు. చిక్కు హార్డ్‌వేర్ దగ్గర వచ్చింది.

ఆరు స్క్రూల ట్రెమొలో బ్రిడ్జి (బాడీ మీద తీగల కింది చివర పట్టే లోహపు భాగం, పిడితో ఊపి శ్రుతి కదిలించే రకం) ఒకటి కొన్నాను. బిగించే ముందు ఊరికే బాడీ మీద ఆనించి, నట్ నుంచి బ్రిడ్జి దాకా రెండు చివర్లా కుట్టు దారం లాగి చూశాను. సన్న తీగ వైపు దారం ఫ్రెట్ల అంచు దాకా వచ్చేసింది. వేలితో కొంచెం పక్కకు నొక్కితే చాలు, జారి పడిపోతోంది. అమ్మినతన్ని అడిగితే స్ట్రాట్ బ్రిడ్జి స్ట్రాట్‌కి సరిపోతుందంటాడు, వెనక్కి తీసుకోనంటాడు. నెక్ తప్పా, బ్రిడ్జి తప్పా, నేనే ఏమైనా పొరపాటు చేశానా అర్థం కావడం లేదు. రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది.

ఏ బ్రిడ్జి తీసుకోవాలి? తీగను నొక్కి పట్టే లాకింగ్ ట్యూనర్లు అవసరమా? టేకు రంగు మీద బంగారు పూత హార్డ్‌వేర్ బాగుంటుందని ఆశ. నా దగ్గర చేతి డ్రిల్ తప్ప వేరే మెషిన్ లేదు.

అంబత్తూరు టూల్‌రూమ్

తమ్ముడూ, డ్రిల్ పెట్టకముందే దారం లాగి చూశావు, చాలా మంచి పని చేశావు. చెక్కకు నష్టం లేదు. బ్రిడ్జి డబ్బులొక్కటే ఇరుక్కున్నాయి, దాన్ని ఎవరికైనా అమ్ముకోవచ్చు.

స్ట్రాట్ బ్రిడ్జి అంటే ఒకటే కొలత కాదు. 1954లో స్ట్రాట్ వచ్చినప్పటి పాత పద్ధతి బ్రిడ్జిలో మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య దూరం సుమారు 56 మి.మీ. ఈ రోజుల్లో ఆసియాలో తయారయ్యేవాటిలో చాలావాటికి తీగకూ తీగకూ మధ్య 10.5, అంటే మొత్తం 52.5. పైనుంచి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. నీకు వచ్చింది 56 అయి ఉంటుంది, మొదటి సాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మ) నుంచి ఆరో సాడిల్‌కి కొలిచి చూడు.

లెక్క వేద్దాం. 42 మి.మీ. నట్ మీద తీగలు సుమారు 35 వెడల్పులో కూర్చుంటాయి. 22వ ఫ్రెట్ నట్ నుంచి స్కేల్‌లో 72 శాతం దూరంలో ఉంటుంది. కాబట్టి 56 బ్రిడ్జి పెడితే అక్కడికి వచ్చేసరికి తీగలు 50 దాకా విచ్చుకుంటాయి. 52.5 పెడితే 47.6. నీ నెక్ వెడల్పు 22వ ఫ్రెట్ దగ్గర వెర్నియర్‌తో కొలిచి, అందులోంచి ఇది తీసేసి, సగం చెయ్యి. ఒక్కో పక్క 3 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే ఆ బ్రిడ్జి నీ నెక్‌కి పనికిరాదు. ఫ్రెట్ చివర ఏటవాలుగా అరగదీసి ఉంటుంది కదా, ఒక మిల్లీమీటరు అందులోనే పోతుంది.

నా మాట వింటే మొదటి గిటార్‌కు ట్రెమొలో వద్దు. దానికి బాడీలో ఇటు నుంచి అటు దాకా దిమ్మ దిగే కంత కావాలి, వెనక స్ప్రింగులకు గుంట కావాలి. కదలకుండా ఉండే రకం, హార్డ్‌టెయిల్ తీసుకో. అందులోనూ తీగలు బ్రిడ్జి వెనక అంచులోంచే ఎక్కే రకం. బాడీ గుండా తీగలు దూర్చే రకానికి 45 మి.మీ. లోతున ఆరు రంధ్రాలు నిట్టనిలువుగా దిగాలి. చేతి డ్రిల్‌తో వేస్తే ముందు వైపు వరుస బాగానే ఉంటుంది, తిప్పి చూస్తే వెనక వంకరటింకరగా తేలతాయి. లెస్ పాల్ గిటార్ తరహా ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జి ఆలోచన కూడా పెట్టుకోకు. అది ఎత్తుగా ఉంటుంది, దానికి నెక్ కొంచెం వెనక్కి వాలి ఉండాలి. నీది చదునుగా కూర్చునే నెక్.

ఇక బంగారు పూత. నువ్వుండేది సముద్రం పక్కన, దీన్ని తేలిగ్గా తీసుకోకు. బెసెంట్ నగర్ నుంచి ఒక కుర్రాడు గిటార్ పట్టుకొచ్చాడు, కొని రెండేళ్లు కూడా కాలేదు. అరచెయ్యి ఆనే చోట బంగారం అంతా పోయి కింద బూడిద రంగు తేలింది. అది పోతే పోయింది. సాడిల్ ఎత్తు మార్చే గ్రబ్ స్క్రూలు ఉంటాయి చూడు, ఆవగింజంత తల, అవి పన్నెండూ తుప్పు పట్టి సాడిల్స్‌లోనే బిగుసుకుపోయాయి. 1.5 మి.మీ. అలెన్ కీ పెట్టి తిప్పితే లోపలి ఆరు పలకలూ పొడిగా రాలి, కీ గుండ్రంగా తిరుగుతోంది. రెండు రోజులు కిరసనాయిలు పట్టించి, సోల్డరింగ్ ఐరన్ మొనతో ఒక్కోదాన్నీ వేడి చేసి తిప్పితే ఏడు వచ్చాయి. మిగతా ఐదూ డ్రిల్ చేయాల్సొచ్చింది. ఆ పిల్లాడు పక్కనే కూర్చుని ప్రతి స్క్రూకీ ఊపిరి బిగబట్టి చూశాడు.

అందుకని నీకు క్రోమ్ పూత ఉన్నది మేలు. నికెల్ కన్నా గట్టిది, తుడిస్తే మెరుపు నిలుస్తుంది. సాడిల్స్ స్టెయిన్‌లెస్‌వో ఇత్తడివో చూసుకో. ఇత్తడికి చిలుము పడుతుంది గానీ అది పైపైనే, గుడ్డతో రుద్దితే పోతుంది. జింక్ పోతతో చేసినవి అలా కాదు, పూత ఒకచోట లేచిందంటే లోపల గుంటలు పడుతూ పోతుంది. బ్రిడ్జి ఇంటికి రాగానే గ్రబ్ స్క్రూలన్నీ విప్పి, స్టెయిన్‌లెస్‌వి వేసి, మర మీద ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాయి. ఆసియా తయారీ అయితే చాలావరకు ఎం3 (3 మి.మీ. మెట్రిక్) మర, ప్యారిస్ కార్నర్‌లో బోల్టులమ్మే కొట్లలో అడుగు. అమెరికా బ్రిడ్జి అయితే అంగుళాల మర ఉంటుంది, ఎం3ని బలవంతంగా దూర్చకు.

లాకింగ్ ట్యూనర్ల డబ్బు మిగుల్చుకుని మంచి ఎముక నట్ వేయించు. శ్రుతి నిలవకపోవడానికి చాలాసార్లు కారణం ట్యూనర్ కాదు, నట్ గాడిలో తీగ పట్టేయడం. ట్యూనర్ తిప్పుతుంటే శ్రుతి కదలకుండా ఉండి, 'టిక్' మని ఒక్కసారి పైకి దూకిందంటే గాడి ఇరుకైందని అర్థం. తీగ మందానికి సరిపడా గాడిని సాపు చేసి, పెన్సిల్ ముక్కు పొడి రాస్తే ఆ చప్పుడు పోతుంది.

వేపేరి బేస్

పై అన్నగారు చెప్పిన వాటిలో ట్యూనర్ల విషయంలో మాత్రం నాది వేరే మాట. మా చర్చిలో పాటకీ పాటకీ మధ్య తీగ తెగితే నిమిషంలో మార్చాలి. లాకింగ్‌వి ఉంటే తీగను చుట్లు చుట్టే పని లేదు. మీరు ఇంట్లోనే వాయిస్తారంటే అక్కర్లేదు. ఏది కొన్నా 10 మి.మీ. రంధ్రంలో బిగిసే బుష్ ఉన్నదే కొనండి. పాతకాలం పద్ధతి ట్యూనర్లకు రంధ్రం ఇంతకన్నా చిన్నది, మీ నెక్‌లో వదులుగా ఆడతాయి.

ఇంకొకటి. టేకు డ్రిల్ బిట్‌ను త్వరగా మొద్దు చేస్తుంది, కొత్త బిట్ పెట్టండి. రంధ్రం వేయకుండా స్క్రూ నేరుగా దించితే తల ఊడి చేతిలోకి వస్తుంది, మిగతాది చెక్కలో ఉండిపోతుంది. 3 మి.మీ. స్క్రూకి 2.5 రంధ్రం వేసి, మరకు సబ్బు రాసి తిప్పండి. వాల్యూమ్ పాట్లు (నాబ్ కింద తిరిగే కంట్రోళ్లు) రిచీ స్ట్రీట్‌లో కొంటే నాబ్ కూడా అక్కడే పెట్టి చూసి కొనండి. మెట్రిక్ పాట్ కాడకు 18 పళ్లు, అమెరికా పాట్‌లకు 24. ఒకదాని నాబ్ ఇంకోదానికి ఎక్కదు.

టేకుతలుపు

అన్నా, కొలిచాను. 22వ ఫ్రెట్ దగ్గర 54.4 వచ్చింది. బ్రిడ్జి మీరన్నట్టే 56. అంటే పక్కకు 2.2 మాత్రమే. 52.5 హార్డ్‌టెయిల్‌కి, క్రోమ్‌లో, ఇత్తడి సాడిల్స్‌తో ఇప్పుడే ఆర్డర్ పెట్టాను. బంగారం వదిలేశాను. అక్కా, పాట్ల మాట చెప్పి మంచి పని చేశారు, నేను నాబ్‌లు ముందే కొనబోయాను. బ్రిడ్జి సరిగ్గా ఎక్కడ కూర్చోవాలి అన్నది ఒక్కటి చెప్పండి.

అంబత్తూరు టూల్‌రూమ్

నట్ ముందు అంచు నుంచి 12వ ఫ్రెట్ నడినెత్తికి కొలువు. 324 మి.మీ. రావాలి. దానికి రెట్టింపు 648, అదే నీ స్కేల్. మొదటి తీగ సాడిల్‌ను స్క్రూతో బాగా ముందుకు తెచ్చి, ఇంకో 2 మి.మీ. ముందుకు జరిగే చోటు ఉంచి, ఆ సాడిల్ శిఖరం 648 దగ్గర పడేలా బ్రిడ్జి పెట్టు. లావు తీగకు 3 నుంచి 5 మి.మీ. ఎక్కువ పొడవు కావాలి, కాబట్టి ఆరో సాడిల్‌కు వెనక్కి పోయే జాగా ఉండాలి. తర్వాత మళ్లీ అదే దారం రెండు పక్కలా లాగి, రెండు అంచులూ సమంగా ఉన్నాయని చూసుకున్నాకే పెన్సిల్ గుర్తు పెట్టు.

స్క్రూ రంధ్రాలతో పాటు ఇంకో రంధ్రం ఉంది, అది మర్చిపోతే గిటార్ అంతా విప్పాలి. బ్రిడ్జి పళ్లెం కిందకు వచ్చే చోట నుంచి కంట్రోల్ గుంటలోకి ఏటవాలుగా 3 మి.మీ. రంధ్రం. అందులోంచి ఎర్త్ వైరు వస్తుంది. పైచివర తొక్క ఒలిచి, పోగులు విసనకర్రలా పరిచి పళ్లెం కింద నొక్కుకునేలా పెట్టు, కింది చివర వాల్యూమ్ పాట్ వీపు మీద సోల్డర్ చెయ్యి. ఆ వైరు లేకపోతే యాంప్ పెట్టగానే బుయ్‌మని మోత, తీగ ముట్టుకున్నా తగ్గదు. బిగించాక మల్టీమీటర్ ఒక మొన బ్రిడ్జి మీద, రెండోది జాక్ బయటి రేకు మీద పెడితే బీప్ రావాలి. బాడీకి ఇంకా పాలిష్ వేయలేదు కదా? ఈ రంధ్రం ముందు వెయ్యి, పాలిష్ తర్వాత.