రిచ్‌మండ్ కుర్రాళ్ల ఫామ్‌ను ఎలా అంచనా వేయాలి?

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ బాగా ఎరిగినవాళ్లు కాస్త చెప్పండి. మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను, రిచ్‌మండ్ అభిమానిని. 2017, 2019, 2020లో కప్పు గెలిచిన జట్టు 2024లో పట్టికలో అట్టడుగుకు పడిపోయింది. ఆ ఏడాదే షాయ్ బోల్టన్, డేనియల్ రియోలి, లియామ్ బేకర్ వేరే క్లబ్బులకు వెళ్లిపోయారు. వాళ్ల బదులు డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, కుర్రాళ్లను తీసుకున్నారు, మొట్టమొదటి పిక్‌తో (ఎంపిక వంతుతో) శామ్ లేలర్‌ను.

స్నేహితులతో ఎప్పుడూ ఇదే వాదన. వాళ్లు డిస్పోజల్స్ (బంతిని కాలితో తన్ని లేదా చేత్తో కొట్టి పంపడం) ఎన్నని మాత్రమే చూస్తారు. నాకది సరికాదనిపిస్తుంది. డిఫెన్స్‌లో ఎవరూ అడ్డులేనిచోట బంతి అటూ ఇటూ తన్నినవాడూ, గుంపులో దూరి బంతి లాక్కొచ్చినవాడూ ఒకటెలా అవుతారు? ట్యాకిల్స్, ఎదుటివాళ్లపై పెట్టే ఒత్తిడి కూడా చూడొద్దా?

పొడుగాటి ఫార్వర్డ్‌లు, రక్‌లు (గాల్లోకి లేచిన బంతి కోసం ఎగిరి పోటీపడేవాళ్లు) ఆలస్యంగా ఎదుగుతారంటారు. మిడ్‌ఫీల్డర్లకైతే ఎన్ని సీజన్లు ఆగాక ఒక మాట అనొచ్చు? ఇంకొకటి, నన్ను ఎక్కువ తొలిచేది: అక్టోబర్‌లో ట్రేడ్‌లు (క్లబ్బుల మధ్య ఆటగాళ్ల, పిక్‌ల మార్పిడి) మొదలైనప్పుడు పిక్‌లు ఇచ్చి అనుభవమున్నవాళ్లను తేవాలా, కుర్రాళ్లనే నమ్ముకోవాలా? పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లలు వరుసగా ఓడిపోతుంటే వాళ్ల ఆట దెబ్బతింటుందేమోనని నా భయం. ఇలా జట్టును మళ్లీ కట్టుకున్న క్లబ్బులను దగ్గర్నుంచి చూసినవాళ్లు ఉంటే వివరంగా రాయండి.