అప్‌డేట్: నాయనకు మధ్యాహ్నం మాత్ర ఎందుకు పట్టలేదంటే

పార్కిన్‌సన్స్ ఉన్న మా నాయనకు పొద్దున మాత్ర బాగా పనిచేస్తోంది, మధ్యాహ్నం వేసింది పట్టడం లేదు, జబ్బు ముదిరిందా అని అడిగాను కదా. "అన్నంతో పాటు వేస్తున్నారా?" అని ఒకరు అడిగారు. విషయం అక్కడే ఉంది.

తిరుపతిలో న్యూరాలజీ డాక్టరుగారు వివరంగా చెప్పారు. మాత్రలోని లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి దాన్ని రవాణా ప్రోటీన్లు దాటించాలి. పప్పు, మాంసం అరిగాక వచ్చే కొన్ని అమైనో ఆమ్లాలకూ అదే వాకిలి. మా ఇంట్లో మధ్యాహ్నం సంగటిలోకి పప్పో, కోడికూరో ఉండాల్సిందే. ఆ తోపులాటలో మందు వెనకబడుతోంది. ఇప్పుడు భోజనానికి అరగంట ముందే వేస్తున్నాం. మాంసకృత్తులు తగ్గించలేదు, ఎక్కువ భాగం రాత్రికి మార్చాం. మధ్యాహ్నం పూట కూడా నాయన చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. సలహా ఇచ్చిన అందరికీ దండాలు.

దూలగొండి గింజల పొడి కూడా వాడొచ్చా అని అడిగాను. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే, 1937లోనే మద్రాసులో వాటి నుంచి వేరుచేశారు. కానీ పొడిలో ఎంత మోతాదు ఉందో తెలియదు, మాత్రలో కార్బిడోపా కూడా కలిసి ఉంటుంది. లెవోడోపా మెదడులోకి వెళ్లాకే డోపమైన్‌గా, అంటే ఈ జబ్బులో తగ్గిపోయే, కదలికలను నడిపే రసాయనంగా మారాలి. కార్బిడోపా అది దారిలోనే మారిపోకుండా ఆపుతుంది. అందుకే సొంతంగా కలపొద్దన్నారు.

ఈ జబ్బులో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ గడ్డకట్టి మెదడు కణాలు చనిపోవడాన్ని ఆపే మందు మాత్రం ఇంకా రాలేదు. ఆ ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలు పరీక్షల్లో ఉన్నాయి.

ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు మాత్ర వేళ, భోజనం వేళ, వణుకు ఎప్పుడు పెరిగిందీ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి.